బండి తాళం ఎవరు అడగాలి?

మన దేశంలో కారుకో గేర్ల బండికో డ్రైవింగ్ లైసెన్సు చేతికి రావాలంటే 18 ఏళ్లు నిండాలి. ఎప్పుడు వదులుకోవాలో మాత్రం చట్టం చెప్పలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 55 దాటినవాళ్లు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 84వ ఏట చేయించుకున్న పెద్దాయనకు ఆ లైసెన్సు 89 దాకా చెల్లుతుంది. గడువు తీరి ఏడాది దాటకుండా దరఖాస్తు పెట్టుకుంటే బండి నడిపి చూపించే పని కూడా లేదు. ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం ఉంటే చాలు.

సొంతంగా నింపే ఫారం 1లో ప్రశ్నలు మంచివే. 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా? ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలుస్తుందా? రేచీకటి ఉందా? మూర్ఛగానీ, ఉన్నట్టుండి కళ్లు తిరగడంగానీ ఉన్నాయా? వీటికి జవాబులు ఎలా నిండుతాయో, డాక్టరు సంతకాలు ఎంత సులువుగా దొరుకుతాయో ఆర్టీఏ ఆఫీసుల ముందు కాసేపు నిలబడితే తెలుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లలో కంట్లో శుక్లం ముదిరినా, పక్షవాతం వచ్చి తగ్గినా, మతిమరుపు మొదలైనా అడిగేవాళ్లు ఉండరు. నిజానికి చట్టంలో 16వ సెక్షన్ ఉంది. జబ్బు వల్లగానీ, వైకల్యం వల్లగానీ బండి నడపలేని స్థితిలో ఉన్నారని నమ్మే కారణం ఉంటే అధికారులు ఎప్పుడైనా లైసెన్సు రద్దు చేయవచ్చు, కొత్త వైద్య ధ్రువపత్రం తెమ్మనవచ్చు. కానీ కన్నతండ్రి మీద ఫిర్యాదు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కే కొడుకు ఎక్కడ దొరుకుతాడు?

అందుకే ఈ భారమంతా ఇంటిమీద పడింది. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో బతిమాలుతాడు. బెంగళూరులో ఉన్న కూతురు పండక్కి వచ్చినప్పుడు తాళాలు దాచేస్తుంది. తండ్రి అలుగుతాడు. సెలవు అయిపోయి పిల్లలు రైలెక్కగానే బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. కాకినాడలో, కరీంనగర్‌లో, ఒంగోలులో ఇద్దరే మిగిలిన పెద్దవాళ్ల ఇళ్లలో ఈ గొడవ నడుస్తూనే ఉంది. దీన్ని మొండితనం అని కొట్టిపారేయడం అన్యాయం. చేతక్ స్కూటర్‌కి డబ్బు కట్టి, ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న తరం అది. పిల్లల్ని బడికి దించినా, పెళ్లాన్ని ఆస్పత్రికి తీసుకెళ్లినా, పింఛను కాగితాల కోసం ట్రెజరీ చుట్టూ తిరిగినా ఆ బండి మీదే. తాళం ఇచ్చెయ్యమంటే, ఇక నీ పనులకు ఇంకొకరి మీద ఆధారపడు అన్నట్టే వాళ్లకు వినపడుతుంది. వినపడటమే కాదు, చాలా ఇళ్లలో జరిగేదీ అదే.

అయినా శరీరం చెప్పే సంగతి వినక తప్పదు. 20 ఏళ్ల కుర్రాడి రెటీనాకు చేరే వెలుతురులో మూడోవంతు మాత్రమే 60 ఏళ్ల మనిషికి చేరుతుంది. ఎదుటి బండి లైటు కళ్లలో పడితే మళ్లీ దారి కనపడటానికి పట్టే సమయం వయసుతోపాటు పెరుగుతుంది. హైబీమ్ తగ్గించడమే ఎరుగని మన రోడ్ల మీద ఆ కాస్త సమయమే ప్రాణం తీస్తుంది. నీటికాసుల జబ్బు పక్కచూపును అంచుల నుంచి నెమ్మదిగా మింగేస్తుంది. ముందున్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి చూపు పోతోందని మనిషికే తెలియదు. మెడ పూర్తిగా తిరగదు. ఇన్సులిన్, షుగరు మాత్రల వల్ల చక్కెర పడిపోయినా, నిద్రమాత్ర మత్తు పొద్దున దాకా నిలిచినా చెయ్యి చెప్పినమాట వినదు.

వేగాన్ని అంచనా కట్టే శక్తి కూడా దెబ్బతింటుంది. వయసు మళ్లిన డ్రైవర్ల ప్రమాదాలు కూడళ్ల దగ్గర, ఎదురుగా వచ్చే వాహనాలను దాటి తిరిగేచోట ఎక్కువ. ఈ మాట వినగానే నా కళ్ల ముందు మెదిలేది కారు కాదు, టీవీఎస్ ఎక్సెల్. ముందు పాలక్యానో యూరియా బస్తానో పెట్టుకుని, నాలుగు వరుసల జాతీయ రహదారి డివైడర్ సందులో ఆగి, వస్తున్న లారీ ఎంత దూరంలో ఉందో చూసుకుంటున్న ముసలి రైతు. పొలం అవతల ఉంది, ఊరు ఇవతల ఉంది, మధ్యలోకి హైవే వచ్చి పడింది. ఆయన లైసెన్సు సంగతి మాట్లాడే ముందు, అక్కడ అండర్‌పాస్ ఎందుకు లేదని అడగాలి. తెలుగునాట వృద్ధుల డ్రైవింగ్ అంటే సగం కథ అదే.

ఇంకో న్యాయం కూడా చెప్పాలి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఈ చావులకు పెద్ద కారణం మితిమీరిన వేగం. తాతల మెల్లని స్కూటర్లను ఆ లెక్కకు బాధ్యుల్ని చేయలేం. కుర్రాళ్ల దూకుడు వదిలేసి ముసలివాళ్ల వెంటపడితే అది అధర్మం. కానీ కుర్రాడికి కాలు విరిగే దెబ్బ 80 ఏళ్ల మనిషికి ప్రాణం మీదకు తెస్తుంది. లెక్కలు సరిగా రాసుకునే అమెరికా వంటి చోట్ల, నడిపిన దూరంతో పోల్చి చూస్తే, ప్రాణాలు తీసే ప్రమాదాల రేటు 70 దాటాక పెరుగుతూ 85 దాటినవాళ్లలో అందరికంటే ఎక్కువగా ఉంటుంది.

ఈ ప్రశ్నతో అందరికంటే ఎక్కువగా తలపడ్డ దేశం జపాన్. 2019 ఏప్రిల్ 19న టోక్యోలోని ఇకెబుకురో ప్రాంతంలో 87 ఏళ్ల మాజీ ఉన్నతాధికారి నడుపుతున్న కారు అదుపు తప్పి జనం మీదకు దూసుకుపోయింది. సైకిలు మీద వెళ్తున్న 31 ఏళ్ల తల్లి, ఆమె మూడేళ్ల కూతురు చనిపోయారు. కారులోనే లోపం ఉందని ఆయన కోర్టులో వాదించాడు. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడని కోర్టు తేల్చి, 2021 సెప్టెంబరులో ఐదేళ్ల జైలు విధించింది. శిక్ష అనుభవిస్తూనే 2024లో, 93వ ఏట ఆయన చనిపోయాడు. ఎవరు గెలిచిన కేసు ఇది? భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న ఒక యువకుడు మిగిలాడు. జీవితమంతా గౌరవంగా బతికి చివరి ఏళ్లు జైల్లో గడిపిన ముసలాయన పోయాడు. ఒక సంవత్సరం ముందు ఎవరైనా తాళం తీసుకుని ఉంటే ఇద్దరి కథా వేరేలా ఉండేది.

ఆ ప్రమాదం జరిగిన 2019లో జపాన్‌లో సుమారు 6 లక్షల మంది తమంతట తామే లైసెన్సులు పోలీసులకు అప్పగించారు. అందులో సగానికిపైగా 75 దాటినవాళ్లు. ఇలా స్వచ్ఛందంగా ఇచ్చేసే పద్ధతి అక్కడ 1998 నుంచే ఉంది. ఇచ్చినవాళ్లకు గుర్తింపుగా ఒక కార్డు ఇస్తారు. అది చూపిస్తే చాలా ఊళ్లలో బస్సుల్లో, టాక్సీల్లో రాయితీ దొరుకుతుంది. ఈ మర్యాద నాకు నచ్చింది. లాక్కోవడం వేరు, ఇన్నేళ్లు క్షేమంగా నడిపారని గుర్తించి తీసుకోవడం వేరు. 75 దాటాక రెన్యువల్‌కి వచ్చినవాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. 16 బొమ్మలు చూపించి, కాసేపయ్యాక ఏవేం చూశారో చెప్పమంటారు. కొన్ని రకాల ఉల్లంఘనలు చేసినవాళ్లు 2022 మే నుంచి బండి నడిపి కూడా చూపించాలి. పొరపాటున యాక్సిలరేటర్ తొక్కినా కారు దూకకుండా ఆపే పరికరం 2028 నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో తప్పనిసరి కాబోతోంది. ఇంత చేసినా, బస్సులు తగ్గిపోయిన జపాన్ పల్లెల్లో వృద్ధులు కారు వదల్లేకపోతున్నారు. వదిలితే బియ్యం తెచ్చుకునే దారి లేదు.

డెన్మార్క్ అనుభవం మరీ ఆలోచింపజేస్తుంది. అక్కడ 2006లో 70 దాటినవాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. తర్వాత పరిశోధకులు ప్రమాదాల లెక్కలు చూస్తే డ్రైవర్ల చావులు తగ్గలేదు. పాదచారులుగా, సైకిలు మీద చనిపోయిన వృద్ధుల సంఖ్య మాత్రం పెరిగింది. కారు వదిలి నడక పట్టినవాళ్లు రోడ్డు మీద ఇంకా నిస్సహాయులయ్యారన్నమాట. ఆ తర్వాత ఆ వయసు నిబంధనను డెన్మార్క్ ఎత్తేసింది. డ్రైవింగ్ మానేసిన వృద్ధుల మీద వచ్చిన అధ్యయనాలను 2016లో అమెరికా పరిశోధకులు కలిపి చూస్తే, వాళ్లలో దిగులు జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది.

అందుకని, ఫలానా పుట్టినరోజు తర్వాత అందరూ బండి దిగాలనే నియమానికి నేను వ్యతిరేకం. 90లో నిబ్బరంగా నడిపేవాళ్లున్నారు, 68కే పనికిరానివాళ్లూ ఉన్నారు. కానీ పరీక్ష లేకుండా వదిలెయ్యడం దయ కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం పాటిస్తున్న పద్ధతి మనకు సరిపోతుంది. 75 నుంచి ఏటా వైద్య పరీక్ష. 85 నుంచి రెండేళ్లకోసారి రోడ్డు మీద నడిపి చూపించాలి. అది వద్దనుకుంటే ఇంటి చుట్టుపక్కల కొంత దూరానికే పరిమితమైన లైసెన్సు తీసుకోవచ్చు. మార్కెట్టుకి, ఆస్పత్రికి, గుడికి వెళ్లిరావచ్చు, రాత్రిపూట హైవే ఎక్కకూడదు అనే లైసెన్సు మనకూ ఎందుకు ఉండకూడదు? 75 దాటినవాళ్ల పక్కన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ పావుగంట కూర్చుంటే ప్రభుత్వానికి పోయేదేమీ లేదు. వైద్య ధ్రువపత్రం మీద సంతకం కంటి డాక్టరుదై ఉండాలి, పరీక్ష ఉచితంగా జరగాలి. పరీక్ష అంటే బండి మాన్పించడానికే అనుకోనక్కర్లేదు. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న వృద్ధుల్లో, చేయించుకోనివాళ్లతో పోలిస్తే, ప్రమాదాల రేటు సగమేనని 2002లో అమెరికాలోని అలబామా పరిశోధకులు చూపించారు. చాలామందికి బండి మళ్లీ నడిపే యోగ్యత తెచ్చిపెట్టేది కంటి ఆస్పత్రే.

ఇక బస్సు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. నానమ్మలకు అదొక పెద్ద అండ. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ ఎత్తు మెట్టు ఎక్కలేకపోతే టికెట్టు ఉచితమైనా ఏం లాభం? తాతయ్యకు 70 ఏళ్లు దాటాక ఆటో యాప్ వాడటం నేర్పాలంటే ఓపిక కావాలి. అది కుదరనిచోట మనకు తెలిసిన పద్ధతే ఉంది. పిల్లల్ని బడికి పంపడానికి వీధిలో నలుగురూ కలిసి నెలవారీ ఆటో మాట్లాడుకుంటారు కదా, నలుగురు పెద్దవాళ్లకు అలాగే ఒక ఆటో కుదర్చవచ్చు. పెట్రోలు, ఇన్సూరెన్సు, రిపేర్ల ఖర్చు కలిపి చూస్తే పెద్ద తేడా రాదు.

2019 జనవరిలో అప్పటి బ్రిటన్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ నడుపుతున్న వాహనం మరో కారును ఢీకొని బోల్తాపడింది. అప్పటికి ఆయనకు 97 ఏళ్లు. అవతలి కారులో తొమ్మిది నెలల పసిబిడ్డ ఉంది, అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. మూడు వారాల తర్వాత ఆయన లైసెన్సు అప్పగించాడు. ఎంత మంది సేవకులున్నా అంతదాకా ఆ మాట ఆయనకు చెప్పగలిగినవాళ్లు లేకపోయారేమో. మన ఇళ్లలో చెప్పగలిగినవాళ్లున్నారు.

తాళాలు దాచకండి, స్పార్క్ ప్లగ్గు పీకెయ్యకండి, నలుగురిలో మందలించకండి. ఒకరోజు నాన్న వెనక కూర్చుని ఊళ్లో తిరిగి రండి. బంపరు మీద, గేటు మీద కొత్త గీతలున్నాయా చూడండి. తెలిసిన సందులో దారి తప్పుతున్నారా, వెనక హారన్లు ఎక్కువయ్యాయా గమనించండి. పిల్లల మాట కంటే డాక్టరు మాటకు పెద్దవాళ్లు ఎక్కువ విలువిస్తారు కాబట్టి ఆయన చేత చెప్పించండి. అంతకంటే ముందు అమ్మను అడగండి. ఇన్నేళ్లూ ఆ బండి మీద వెనక కూర్చున్న మనిషి ఆమే. ఈమధ్య కూర్చోడానికి భయపడుతున్నానని ఆమె అంటే, ఆ వారంలోనే ఆటో కుదర్చండి, తర్వాత తాళం అడగండి.