ఇల్లంతా నేర్చుకోవలసిన భాష

పుట్టే ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురి వరకు తీవ్రమైన వినికిడి లోపంతో పుడతారనీ, వారిలో అత్యధికుల తల్లిదండ్రులు చక్కగా వినగలిగినవారేననీ వైద్యశాస్త్రం చెబుతోంది. ఈ రెండో సంగతికి దక్కవలసిన శ్రద్ధ దక్కడం లేదు. బధిరులెవరితోనూ అంతకు ముందు పరిచయమే లేని ఇంట్లో బధిర శిశువు పుట్టినప్పుడు, బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఆ బిడ్డ పెరిగి పెద్దయితే జీవితం ఎలా ఉంటుందో చెప్పగలవారు తల్లిదండ్రులకు చుట్టుపక్కల ఎవరూ కనబడరు. కాబట్టి సమాజం అందించవలసిన అండ బిడ్డ చెవి దగ్గరే ఆగిపోకుండా ఇల్లంతటికీ చేరాలి.

లోపాన్ని గుర్తించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. బెరా అనే పరీక్షలో నిద్రపోతున్న శిశువు నుదుటి మీదా చెవుల వెనకా చిన్న తీగలు అంటించి, చెవిలో టిక్కు టిక్కుమనే శబ్దాలు వినిపిస్తూ, వాటికి శ్రవణనాడి, మెదడు కాండం స్పందిస్తున్నాయో లేదో కంప్యూటరులో నమోదు చేస్తారు. శిశువు ఏ జవాబూ చెప్పనక్కరలేదు. నెలలోపు ప్రాథమిక పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సహాయం ప్రారంభం అన్నది ప్రపంచమంతటా నిపుణులు పాటించమంటున్న నియమం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే చెవుడును కూడా పిల్లల్లో వెదకవలసిన లోపాల జాబితాలో చేర్చింది. అయినా "మగపిల్లాడికి మాటలు ఆలస్యంగానే వస్తాయి, వాళ్ళ నాన్నకూ అంతే" అని పెద్దలు ధైర్యం చెప్పడంతో రెండు మూడేళ్ళు గడిచిపోయే ఇళ్ళు ఉన్నాయి. మెదడు భాషను అత్యంత సులువుగా అందుకునేది సరిగ్గా ఆ ఏళ్ళలోనే.

నిర్ధారణ అయిన తరువాత తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, ఆ నింద తరచుగా తల్లి మీదే పడుతుంది. జన్యుపరమైన చెవుడులో అధికభాగం, ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ ఒకే లోపపు జన్యువు బిడ్డకు చేరినప్పుడే కలుగుతుంది. మేనరికాల్లో రెండు వైపులా ఒకే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ కనుక ముప్పు పెరుగుతుంది. అంటే ఇందులో తల్లి వాటా ఎంతో తండ్రి వాటా కూడా అంతే. ఈ ఒక్క విషయాన్ని అత్తవారింటి పెద్దలను కూర్చోబెట్టి వివరించడం ఆశా కార్యకర్త చేయగలిగిన గొప్ప సహాయం.

వినికిడి యంత్రాలతో తగినంత ప్రయోజనం లేని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చుతారు. నత్తగుల్లను పోలిన లోపలి చెవి భాగంలో సన్నని విద్యుత్ తీగను శస్త్రచికిత్సతో ఉంచి, చెవి వెనక ధరించే పరికరం ద్వారా శబ్దాన్ని నేరుగా శ్రవణనాడికి అందించే విధానం ఇది. లక్షల్లో ఖర్చయ్యే ఈ చికిత్స ఆరోగ్యశ్రీ వల్ల తెలుగు నేలమీద పేద కుటుంబాలకూ అందింది. అది నిస్సందేహంగా మేలు. అయితే శస్త్రచికిత్స ఒక్కరోజు పని, విన్న శబ్దానికి అర్థం తెలుసుకునే శిక్షణ ఏళ్ళ తరబడి సాగే పని. బస్సెక్కి పట్నం పోయి శిక్షణ ఇప్పించి రావడానికి ఆ రోజు కూలి వదులుకోవలసిన తల్లికి ఛార్జీలూ, పరికరం పాడైనప్పుడు బాగుచేయించే ఏర్పాటూ లేకపోతే, అంత ఖరీదైన యంత్రమూ నిష్ఫలమవుతుంది.

యంత్రం ఫలించినా ఫలించకపోయినా బిడ్డకు వెంటనే కావలసింది పూర్తిగా అర్థమయ్యే ఒక భాష. సైగలు నేర్పితే మాటలు రావన్న భయం పాతది. 1880లో మిలాన్‌లో జరిగిన బధిరుల విద్యా మహాసభ బడుల్లో సైగల భాషను పక్కకు నెట్టి మాటకే పట్టం కట్టింది, ఆ తీర్మానాలను తిరస్కరిస్తూ వాటి దుష్ఫలితాలకు విచారం తెలపడానికి 2010లో వాంకూవర్ మహాసభ దాకా ఆగవలసి వచ్చింది. ఇళ్ళలో సొంతంగా పుట్టే సైగలు అన్నం, నీళ్ళు, నిద్ర వంటి ఎదుటి అవసరాలు తీరుస్తాయి గాని, నాన్న ఎందుకు ఊరెళ్ళాడో, తాతయ్య మరి ఎందుకు కనిపించడో చెప్పలేవు. భారతీయ సైగల భాషకు సొంత వ్యాకరణం ఉంది: చేయి భుజం వెనక్కి పోతే గడిచిన కాలం, ముందుకు సాగితే రాబోయే కాలం, కనుబొమలు పైకి లేస్తే అదే వాక్యం ప్రశ్న అవుతుంది. ఈ భాష రాని ఇంట్లో పెళ్ళి పంక్తిలో అందరూ నవ్వుతుంటే ఎందుకని అడిగిన బిడ్డకు "తర్వాత చెప్తాలే" అన్న సైగే దక్కుతుంది, ఆ తర్వాత అన్నది రాదు.

ఈ భాషను ఇంటికి తీసుకురాగలవారు బధిరులైన పెద్దలే. ఉద్యోగం చేస్తూ, పిల్లలను పెంచుతూ, వీడియో కాల్‌లో మిత్రులతో గలగలా సైగలాడే ఒక బధిర జంటను చూసిన తల్లికి కలిగే ధైర్యం ఏ ఆసుపత్రి నివేదికా ఇవ్వలేదు. బధిర సమాజంలో ప్రతివారికీ ఒక సైగ పేరు ఉంటుంది; ముఖంలోనో అలవాటులోనో ప్రత్యేకతను బట్టి దాన్ని ఆ సమాజమే పెడుతుంది, అది అందుకున్న పిల్లవాడు తనలాంటివారి లెక్కలో చేరతాడు. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల నిఘంటువును వీడియోలుగా వెలువరించడమే కాక, ఈ భాషను బోధించడానికి బధిరులకే డిప్లొమా శిక్షణ ఇస్తోంది. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలను సైగల భాషలోకి తెచ్చేందుకు 2020లో ఒప్పందం కూడా కుదిరింది.

యౌవనంలో అవసరాలు మారతాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో విద్య అందించాలంటుంది. కాని కళాశాల తరగతి గదిలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో, ప్రసూతి వార్డులో అనువాదకులు లేనిచోట ఆ హక్కు అమలు కాదు. అమ్మను వెంటబెట్టుకుని వైద్యుడి దగ్గరకు వెళ్ళే పాతికేళ్ళ యువతికి తన ఒంటి సంగతి తానే చెప్పుకునే వీలుండదు.

తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. శిక్షణ పొందిన బధిర ఉపాధ్యాయుణ్ణి వేతనంతో అక్కడ నియమించి, వారానికొక పూట తల్లిదండ్రులు, నానమ్మలు, తోబుట్టువులు, అంగన్‌వాడీ టీచరు కలిసి సైగల భాష నేర్చుకునే ఏర్పాటు చేయడానికి కొత్త భవనాలు అక్కరలేదు. ఆ పూట కూలి పోకుండా చూడడమూ, దారి ఖర్చులు ఇవ్వడమూ అందులో భాగం కావాలి.