కడుగునీళ్ళ లెక్క

బియ్యం మొదటిసారి కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోకి, రెండోసారివి కరివేపాకు మొక్కకి, స్నానాల గది నీళ్ళు అరటి పాదులోకి. అమ్మమ్మల ఇళ్ళల్లో ఏ నీళ్ళు ఎటు పోవాలో అందరికీ తెలుసు. పొరపాటున సబ్బు నీళ్ళు కుడితిలో పోశామో, చివాట్లు తప్పేవి కావు!

సెల్‌ఫోన్లకీ, టీవీలకీ చిప్‌లు చేసే ఫ్యాక్టరీలు ఇవాళ పాటిస్తున్నది సరిగ్గా ఈ లెక్కే. చిప్‌కి నీళ్ళెందుకంటారా? భోజనం పళ్ళెమంత సిలికాన్ బిళ్ళ మీద వందల చిప్‌లు ఒకేసారి చేస్తారు. రసాయనాలు పట్టించడం, కడగడం, మళ్ళీ పట్టించడం, మళ్ళీ కడగడం. ఒక్కో బిళ్ళకి వేల లీటర్లు పడతాయి. అవీ మనం తాగే నీళ్ళు పనికిరావు. లవణాలన్నీ తీసేసిన నీళ్ళు కావాలి.

ఎండిన మడులు

ప్రపంచంలో మేలిరకం చిప్‌లు ఎక్కువగా తయారయ్యేది తైవాన్‌లో. 2020లో అక్కడ ఒక్క తుఫానూ తీరం దాటలేదు. తుఫానంటే మనకి గుండె దడ. వాళ్ళ రిజర్వాయర్లు నిండేది మాత్రం చాలావరకు వాటి వల్లే. 2021 వచ్చేసరికి నీళ్ళు అడుగంటాయి. ప్రభుత్వం 70 వేల హెక్టార్లకు పైగా పొలాలకు నీళ్ళు ఆపి, రైతులకు పరిహారం ఇచ్చింది. ఫ్యాక్టరీలు ట్యాంకర్లు తెప్పించుకున్నాయి. పరిహారం అందితే మాత్రం, ఎండిన మడి చూసుకునే రైతు బాధ తీరుతుందా?

ఏ నీళ్ళు ఆ గొట్టంలోనే

అక్కడి పెద్ద కంపెనీ టీఎస్ఎంసీ, తయారీలో వాడిన నీటిలో 85 శాతానికి పైగా తిరిగి వాడుతున్నామని ఆ రోజులకే ప్రకటించింది. కిటుకల్లా యంత్రం దగ్గరే నీళ్ళు వేరు చేయడం. ఆఖరిసారి కడిగిన నీళ్ళు దాదాపు శుభ్రమే. వాటిని శుద్ధి చేసి మళ్ళీ వాడతారు. కాస్త మురికివి కూలింగ్ టవర్లకు పోతాయి. ఫ్లోరైడ్ కలిసినవి వేరే గొట్టంలో వెళతాయి. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మన నల్గొండ తల్లులకు ఒకరు చెప్పాలా? ఆ నీళ్ళలో సున్నం కలిపితే ఫ్లోరైడ్ మడ్డిగా అడుక్కి దిగుతుంది. ఆ మడ్డి సిమెంటు తయారీకి పనికొస్తుంది. రాగి కలిసిన నీళ్ళ నుంచి రాగిని వెనక్కి రాబడతారు. అన్నీ ఒకే కాలవలో కలిపేస్తే ఇవేవీ సాధ్యం కావు.

అయినా అంత పొదుపు చేసిన చోటే పొలాలు ఎండాయి. ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ, మిగిల్చిన నీళ్ళు కొత్త వాటికే చాలవు మరి.

రేపు మన ఊరి పక్కన ఇలాంటి ఫ్యాక్టరీ వస్తుందంటే ఉద్యోగాలెన్నని అడుగుతాం. అడగాల్సిందే. దాంతోపాటు నీళ్ళెన్ని తీసుకుంటారు, ఎన్ని తిరిగి వాడతారు, మిగిలినవి ఎక్కడ వదులుతారు అని కూడా అడుగుదాం. నీళ్ళ లెక్క మనకి కొత్తేం కాదుగా!

అన్నట్టు, పిల్లలు కొత్త ఫోను కావాలని మారాం చేస్తే, పాతది ఇంకో ఏడాది నడుస్తుందేమో చూడండి. దాని చిప్‌లు కడిగిన నీళ్ళు ఎప్పుడో ఖర్చయిపోయాయి.