జెప్పెలిన్ పక్కన ఇంకో పేరు

ఎయిర్‌షిప్ ఎవరు కనిపెట్టారంటే మా పిల్లలు ఠక్కున ‘జెప్పెలిన్’ అంటారు. మేమూ చాలాకాలం అదే చెప్పాం.

డేవిడ్ ష్వార్జ్ జాగ్రెబ్‌లో కలప వ్యాపారి. ఇంజనీరు కాదు. గుడ్డ బెలూన్‌లో గ్యాస్ తగ్గితే ముడతలు పడుతుంది; అల్యూమినియం చట్రానికి రేకు తొడిగితే ఆకారం చెడదన్నది ఆయన ఆలోచన. లోహాన్ని జర్మనీ పారిశ్రామికవేత్త కార్ల్ బెర్గ్ సమకూర్చాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కట్టిన మొదటి ఓడ ఎగరనేలేదు. రెండోది బెర్లిన్‌లో ఎగరకముందే, 1897 జనవరిలో ష్వార్జ్ కన్నుమూశాడు. భార్య మెలనీ ఆ పని ఆగనివ్వలేదు. నవంబరు 3న టెంపెల్‌హోఫ్ మైదానంలో ఓడ పైకి లేచింది. కాసేపటికే ప్రొపెల్లర్ల బెల్టులు జారిపోయాయి. కిందికి దిగుతూ ఓడ ధ్వంసమైంది. నడిపినవాడు మాత్రం బతికాడు.

1900 జులై 2న జెప్పెలిన్ తొలి ఓడ ఎగిరింది. దానికీ అల్యూమినియం ఇచ్చింది బెర్గే! పేచీ అక్కడే. ష్వార్జ్ కుటుంబం దగ్గర జెప్పెలిన్ ఆ నమూనానే కొన్నాడని కొందరంటారు. కాదు, ష్వార్జ్‌తో బెర్గ్‌కున్న ఒప్పందం వదిలించుకోవడానికే సొమ్ము కట్టారని మరికొందరు. మాకు రెండో మాటే సబబనిపిస్తుంది. జెప్పెలిన్ పేటెంటు 1895 నాటిది. ఆయన ఓడ పైకప్పు గుడ్డ, లోపల విడివిడి గ్యాస్ సంచులు. అది నకలు కాదు. అయినా లోహపు ఓడను ముందు గాలిలోకి లేపింది ష్వార్జ్ నమూనాయే.

ఇప్పుడు బోర్డు మీద రెండు పేర్లూ రాస్తున్నాం. మెలనీ పేరు ఏదని మొన్న ఒక అమ్మాయి అడిగింది. అదీ రాశాం.