పీఎస్2 పోయింది, డిస్క్ మిగిలింది: పాత గేమ్‌లు కంప్యూటర్లో ఆడేదెట్లా?

అనంతపురం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశాను. పోయిన ఎపిసోడ్‌లో మారియో కంప్యూటర్లో ఎట్లా ఆడాలో చెప్పినాక చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, పీఎస్2 గేమ్స్ కూడా వస్తాయా?" వస్తాయి. ఈరోజు అదే.

ముందు ఈ డిస్క్ చూడండి. 'హనుమాన్: బాయ్ వారియర్', 2009లో వచ్చింది. చేసింది జపాన్ వాళ్లు కాదు, హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ వాళ్లు. పూర్తిగా ఇండియాలోనే తయారైన మొదటి ప్లేస్టేషన్ 2 గేమ్ అని అప్పట్లో సోనీ చెప్పుకుంది. దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడమేందని కొన్ని హిందూ సంఘాలు అభ్యంతరం కూడా చెప్పాయి. అదే ఏడాది హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర వాళ్లు మన వీధి ఆటలతో 'దేశీ అడ్డా' తెచ్చారు. హనుమాన్ గొప్ప గేమా అంటే, నాకైతే యావరేజే. కానీ మనోళ్లు చేసింది.

సమస్య ఏంటంటే, పీఎస్2 వచ్చింది 2000లో. 2013 మొదటికల్లా తయారీ ఆపేశారు. నా బాక్స్‌లో లెన్స్ పోయింది. మన ఊరి ఎండ, దుమ్ము సంగతి తెలిసిందే కదా. రిపేరుకు తీసుకెళ్తే పార్టు దొరకదన్నారు. డిస్క్ మీద గీత కూడా లేదు, చదివే మిషనే లేదు. అందుకే ఎమ్యులేటర్.

ఎమ్యులేటర్ అంటే దుబాసీ అనుకోండి. మడకశిర సంతలో వ్యాపారి కన్నడంలో రేటు చెప్తాడు, పక్కనున్నాయన వెంటనే రైతుకు తెలుగులో చెప్తాడు. గేమ్ మాట్లాడేది పీఎస్2 భాష, మన కంప్యూటర్‌కు తెలిసింది వేరే భాష. మధ్యలో నిలబడేది పీసీఎస్ఎక్స్2 అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఒకసారి తర్జుమా చేసిన ముక్కను దాచుకుంటుంది, అదే ముక్క మళ్లీ వస్తే నేరుగా వాడేస్తుంది.

"పీఎస్2 స్పీడు 300 మెగాహెర్ట్జ్ కూడా లేదు, ర్యామ్ 32 ఎంబీ. మరి నా ల్యాప్‌టాప్ ఎందుకు ముక్కుతోంది?" అని అడుగుతారు. ఎందుకంటే అందులో ఒక్క ప్రాసెసర్ కాదు. లెక్కలకు, బొమ్మకు, సౌండ్‌కు వేర్వేరు చిప్‌లు ఒకేసారి పనిచేస్తాయి. అందరి మాటా ఒకే టైంలో, ఒకరి వెనక ఒకరు తప్పిపోకుండా తర్జుమా చేయాలి. అందుకే ఎన్ని కోర్లున్నాయన్నదాని కన్నా ఒక్కో కోరు ఎంత వేగమన్నదే ముఖ్యం.

ఇప్పుడు పని. మూడే మెట్లు.

ఒకటి, డిస్క్‌ను ఫైల్ చేసుకోవాలి. మామూలు డీవీడీ డ్రైవే పీఎస్2 డిస్క్‌ను చదువుతుంది. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకుంటే యూఎస్‌బీది పెట్టండి. ఐఎస్ఓ ఫైల్‌గా సేవ్ చేయండి.

రెండు, బయాస్. పీఎస్2 ఆన్ అయ్యేటప్పుడు నడిచే సోనీ సొంత ప్రోగ్రామ్ ఇది. మన బాక్స్ నుంచే తీసుకోవాలి. లెన్స్ పోయినా పర్లేదు, ఆన్ అయితే చాలు. ఫ్రీ ఎంసీబూట్ ఎక్కించిన మెమరీ కార్డుతో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. 90000 సిరీస్‌లో చివరి మోడళ్లకు మాత్రం ఈ కార్డు పనిచేయదు.

మూడు, రెండు ఫైళ్లూ ఎక్కడున్నాయో పీసీఎస్ఎక్స్2కు చూపించి, కంట్రోలర్ సెట్ చేసుకుని గేమ్ మొదలుపెట్టండి. స్లో అయితే ముందు రెజల్యూషన్ తగ్గించండి. వేగం పెరిగిందా, గ్రాఫిక్స్ మీద భారం పడిందని అర్థం. పెరగలేదా, ప్రాసెసర్ చాలట్లేదు. ఇంకో మాట: ఎఫ్1 నొక్కితే ఆడుతున్న చోటే సేవ్ అవుతుంది, ఎఫ్3 నొక్కితే అక్కడినుంచే మొదలవుతుంది. కరెంటు పోయే ఊళ్లో ఎఫ్1 అలవాటు చేసుకోండి.

ఇది లీగలేనా? ఎమ్యులేటర్ మీద సోనీ వేసిన కేసులో 2000లో అమెరికా అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కూడా, కొనుక్కున్న ప్రోగ్రామ్ పాడవకుండా బ్యాకప్ తీసుకోనిస్తుంది. ఆ కాపీని పంచడం, అమ్మడం మాత్రం వేరే సంగతి. పెన్‌డ్రైవ్ నిండా గేమ్‌లు వేసిస్తామంటే తీసుకోవద్దు.

ఇదిగో, నడుస్తోంది చూడండి. మారియోకి ఏం కాదు, ప్రపంచమంతా దాచుకుంది. మన హైదరాబాద్ గేమ్‌లను మనం కాకపోతే ఎవరు దాస్తారు? మీ అటక మీద ఇట్లాంటి డిస్క్ ఉంటే ఈ ఆదివారమే దించండి, తుడవండి, కాపీ తీసుకోండి. మిషన్ పోతే ఎమ్యులేటర్ ఉంది. డిస్క్ పోతే ఏమీ లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.