విడిభాగాల కొనుగోలుకు ముందు కంప్యూటర్ లోపాన్ని నిర్ధారించుకోవాలి

డెస్క్‌టాప్ కంప్యూటర్ పనిచేయడం మానివేసిన వెంటనే మదర్‌బోర్డు పాడైందని భావించి కొత్తది కొనడం వల్ల పలు సందర్భాలలో అనవసర వ్యయం కలుగుతుంది. ఒకే లక్షణానికి అనేక కారణాలుంటాయి. తెరపై ఏమీ కనిపించకపోవడానికి కేబుల్ వదులు కావడం, ర్యామ్ సరిగా కూర్చోకపోవడం, ఎస్.ఎం.పి.ఎస్. చెడిపోవడం వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మొదటి రెండింటిని సరిచేయడానికి ఖర్చే ఉండదు. కనుక ఖర్చులేని పరీక్షలతో ప్రారంభించి క్రమంగా ముందుకు సాగడం శ్రేయస్కరం.

సమాచారం భద్రం: హార్డ్ డిస్క్ నుండి టక్ టక్ మనే శబ్దం వస్తున్నా, ఫైళ్లు తెరుచుకోవడంలో విపరీతమైన జాప్యం జరుగుతున్నా ఇతర ప్రయోగాలు ఆపి, ముఖ్యమైన సమాచారాన్ని వేరొక డిస్క్‌లోకి నకలు చేసుకోవాలి. చెడిన భాగాన్ని మళ్లీ కొనవచ్చును గాని, పోయిన సమాచారం తిరిగి లభిస్తుందన్న భరోసా లేదు.

విద్యుత్ సరఫరా: ఫ్యాన్లు తిరగనిచో ముందుగా గోడ ప్లగ్గును, తీగను, ఎస్.ఎం.పి.ఎస్. వెనుక ఉన్న స్విచ్‌ను పరిశీలించాలి. ఫ్యాన్లు తిరిగినంత మాత్రాన సరఫరా సక్రమంగా ఉన్నట్లు కాదు. మల్టీమీటర్‌తో కొలిచినపుడు 12 వోల్టుల తీగలో 11.4 నుండి 12.6 వరకు, 5 వోల్టుల తీగలో 4.75 నుండి 5.25 వరకు ఉండాలి. ఈ పరీక్షను అనుభవజ్ఞుల చేత చేయించడం మంచిది. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల విద్యుత్తు నిలిచి ఉండే అవకాశమున్నందున ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఎట్టి పరిస్థితులలోను విప్పరాదు.

ర్యామ్: ప్లగ్గు తీసివేసి, క్యాబినెట్ లోహభాగాన్ని తాకిన పిదప ర్యామ్‌ను తీసి మరల అమర్చాలి. రెండు ర్యామ్‌లున్నచో ఒక్కొక్కదానిని ఒక్కొక్క స్లాటులో పెట్టి చూడాలి. లోపం ర్యామ్‌తో పాటు మారితే ర్యామ్, స్లాటులోనే నిలిచిపోతే మదర్‌బోర్డు అనుమానించదగినవి. ఉచితంగా లభించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ద్వారా కూడా ర్యామ్‌ను పరీక్షించవచ్చు.

ఇతర లక్షణాలు: ప్లగ్గు తీసిన ప్రతిసారీ తేదీ, సమయం మారిపోతుంటే 3 వోల్టుల సీఆర్2032 సెల్లు మార్చితే సాధారణంగా సరిపోతుంది. కొంతసేపు పనిచేసి ఆగిపోతుంటే ప్రాసెసర్ ఫ్యాన్‌కు పట్టిన ధూళిని, ఎండిపోయిన థర్మల్ పేస్టును చూడాలి. బీప్ శబ్దాల అర్థం తయారీదారును బట్టి మారుతుంది కనుక మదర్‌బోర్డు కరదీపికను సంప్రదించాలి.

ఒక్కసారి ఒక్క మార్పు: సక్రమంగా పనిచేస్తున్న వేరొక కంప్యూటర్ నుండి సరిపోయే భాగాన్ని తాత్కాలికంగా తెచ్చి అమర్చి చూడడం నమ్మదగిన పద్ధతి. అయితే ఒకేసారి రెండు భాగాలు మార్చితే లోపం ఎందులో ఉన్నదీ తేలదు. చేసిన ప్రతి మార్పును కాగితంపై వ్రాసుకోవాలి.

లోపం తేలిన పిదప వారంటీ గడువును, భాగం రకాన్ని సరిచూసుకొని కొనాలి. 240 పిన్నుల డీడీఆర్3 ర్యామ్, 288 పిన్నుల డీడీఆర్4 స్లాటులో అమరదు. తొలగించిన భాగాలను చెత్తకుండీలో వేయక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల మేరకు నమోదైన పునర్వినియోగ సంస్థలకు చేరేలా చూడాలి.