చెయ్యి చూసి రీలు కొనండి!

రీలు అనగానే ఈ రోజుల్లో అందరికీ ఫోను గుర్తొస్తుంది. కాస్త పెద్దవాళ్లకైతే దారపు రీలో, సినిమా రీలో గుర్తుకు రావచ్చు. మా ఇంట్లో మాత్రం రెండేళ్లుగా ఆ మాటకి అర్థం వేరు. గాలపు కర్రకి బిగించే చిన్న యంత్రం అది. ఎర విసిరితే దారం వదులుతుంది, పిడి తిప్పితే మళ్లీ చుట్టుకుంటుంది. అందులో ‘బెయిట్‌కాస్టింగ్ రీలు’ అని ఒక రకం ఉంది. దాన్ని ఎంచుకోవడం పట్టుచీర ఎంచుకోవడమంత పని!

ఆడవాళ్ల పేజీలో ఈ గాలాల గొడవేమిటి అనుకోకండి. మేముండేది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ నగరానికి పడమటి శివారున. కారు నంబరు ప్లేటు మీదే ‘పదివేల సరస్సులు’ అని రాసుకునే రాష్ట్రమిది. వేసవి వస్తే చిన్నా పెద్దా, ఆడా మగా అందరూ నీళ్ల దగ్గరే. మదర్స్ డే వారాంతంలో ఇక్కడ నివసించే తల్లులు లైసెన్సు లేకుండానే చేపలు పట్టుకోవచ్చు. అలాంటి చోట పెరుగుతున్న మా అమ్మాయి, పధ్నాలుగో ఏట స్కూలు ఫిషింగ్ జట్టులో చేరతానంది. మాది చేపలు కొనుక్కునే ఇల్లే గానీ పట్టే ఇల్లు కాదు. అయినా సరేనన్నాం.

రీలు కొనడానికి ముగ్గురం వెళ్లాం. కొట్లో కుర్రాడు చకచకా నాలుగు పెట్టెలు తీసి మావారి ముందు పెట్టాడు. ధరలు, బ్రాండ్లు, బేరింగుల లెక్కలు అన్నీ ఆయనకే చెబుతున్నాడు. పిల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. “గాలం వేసేది ఆయన కాదు బాబూ, ఇదిగో ఈ అమ్మాయి. ముందు తన చేతికివ్వండి” అన్నాను. అప్పుడుగానీ అసలు బేరం మొదలవలేదు.

ఏ చేపకి?

మొదట తేల్చుకోవాల్సింది బ్రాండు కాదు, చేప. ఇక్కడ ఎక్కువమంది వెంటపడే చేపల్లో బాస్ ఒకటి, మస్కీ ఇంకొకటి. బాస్ మన కొరమీనులా నాచులో, గడ్డిలో పొంచి ఉండి ఎర మీద పడే రకం. సాధారణంగా కిలో, రెండు కిలోలు తూగుతుంది. దానికి వేసే కృత్రిమ ఎరలు చిన్నవి, చాలావరకు 10 నుంచి 25 గ్రాముల లోపే.

మస్కీ సంగతి వేరు. నాలుగడుగులు దాటి పెరిగే చేప, నోటినిండా కత్తుల్లాంటి పళ్లు. పక్కనున్న విస్కాన్సిన్ వాళ్లు దీన్ని 1955లో తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారు. ‘పదివేల విసుర్ల చేప’ అని దీనికి ముద్దుపేరు. అన్నిసార్లు విసిరితేగానీ ఒక్కటి చిక్కదని! దీని ఎర ఒక్కోటి 60 గ్రాముల నుంచి పావుకిలో దాకా ఉంటుంది. అంత బరువుని రోజంతా వందల సార్లు విసిరి లాగాలి.

ఇంకో విశేషం చెప్పనా? బాగా పెద్ద మస్కీలు దాదాపు అన్నీ ఆడవే. ఆడ చేపలే ఎక్కువ పెరుగుతాయి, ఎక్కువ కాలం బతుకుతాయి. మిన్నెసోటాలో 54 అంగుళాలకి తగ్గిన మస్కీని ఉంచుకోకూడదు, నీళ్లలోకి వదిలేయాల్సిందే. ఎంత పెద్దది దొరికినా ఫొటో తీసుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. కాబట్టి రీలు గట్టిగా ఉండటం మన గొప్ప కోసం కాదు. బలహీనమైన రీలుతో గుంజుతూ కూర్చుంటే చేప అలిసిపోతుంది, వదిలేశాక కూడా చచ్చిపోవచ్చు. త్వరగా ఒడ్డుకి తెచ్చి, త్వరగా వదలాలి. నీళ్లు 27 డిగ్రీలు దాటి వేడెక్కితే, తెలిసినవాళ్లు మస్కీ జోలికే పోరు.

అందుకని రెండు చేపలకీ ఒకటే రీలు సరిపెట్టాలని చూడకండి. దోసెల పెనం మీద చపాతీ కాల్చుకోవచ్చేమోగానీ పూరీలు వేయించలేం కదా!

కుట్టుమిషను వచ్చినవాళ్లకి ఇది కొత్త కాదు

ఈ రీలు పనితనం నాకు కుట్టుమిషను పుణ్యాన తేలిగ్గా అర్థమైంది. మధ్యలో దారం చుట్టిన స్పూలు ఉంటుంది. ఎర విసిరినప్పుడు అది గిర్రున తిరిగి దారం వదులుతుంది. ఎర వేగం తగ్గినా స్పూలు ఇంకా అదే ఊపులో తిరిగితే, వదిలిన దారం పోయే దారి లేక పీటముడి పడుతుంది. నూతిలో చేద నీటిని తాకాక కూడా గిలక తిరుగుతూనే ఉంటే చేంతాడు ఏమవుతుందో ఊహించుకోండి. ఇక్కడివాళ్లు ఆ చిక్కుని పక్షిగూడు అంటారు.

దాన్ని ఆపడానికి మూడు ఏర్పాట్లు. ఒకటి, పక్కనుండే చిన్న బిరడా. బాబిన్ కేసు మీది స్క్రూ లాంటిదే. వేలాడదీసిన ఎర నెమ్మదిగా దిగి, నేలని తాకగానే స్పూలు ఆగేంత బిగించాలి. రెండోది బ్రేకు. కొన్నింట్లో అయస్కాంతాలు, కొన్నింట్లో వేగానికి బయటికి జరిగి రాసుకునే చిన్న దిమ్మలు. కొత్తవాళ్లు బ్రేకు ఎక్కువగా పెట్టుకుని, చెయ్యి తిరిగేకొద్దీ తగ్గించుకోవాలి. మూడోదీ అసలైనదీ మన బొటనవేలు. అది స్పూలు మీద తేలిగ్గా ఆనాలి. ఆనాలంటే అందాలి! పెద్ద మగ చేతికి సరిపోయే రీలు, పద్నాలుగేళ్ల పిల్ల వేలికి అందకపోవచ్చు. అరచేతిలో ఒదిగే పొట్టి ఆకారం రీలు మా అమ్మాయికి కుదిరింది. చేపకి తగిన సైజులో, గుండ్రటిది పట్టు దొరకనంత లావనిపించింది.

ఇలాంటి గేరు రీలుని మొదట రూపొందించినవాడిగా జార్జ్ స్నైడర్ పేరు చెబుతారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో కెంటకీ రాష్ట్రంలో గడియారాలు చేసేవాడాయన. స్వీడన్‌లోని అబు కంపెనీ కూడా 1921లో గడియారాల కర్మాగారంగానే మొదలై, 1952లో పేరుమోసిన అంబాసడర్ రీలు తెచ్చింది. జపాన్‌లోని షిమానో సైకిలు భాగాలతో మొదలైంది. అందుకే లోపలంతా పళ్లచక్రాల మాయ.

గేరు, పిడి

పెట్టె మీద 5.4:1 అనో 7.3:1 అనో అంకెలుంటాయి. పిడి ఒకసారి తిప్పితే స్పూలు ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క. పెద్ద అంకె ఉంటే వేగమెక్కువ, బలం తక్కువ. సైకిలు మీద ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు వేసుకోమూ? ఇదీ అంతే. బాస్‌కి ఒక్కటే కొనేవాళ్లకి 6, 7 మధ్యది నడిచిపోతుంది. మస్కీకి వేసే పెద్ద రేకుల ఎరలు నీళ్లని బాగా గుంజుతాయి. వాటికి 5 చిల్లరది మణికట్టుకి సుఖం. ఒక్క తిప్పుకి ఎన్ని అంగుళాల దారం చుట్టుకుంటుందో కూడా అడగండి. స్పూలు పెద్దదైతే తక్కువ గేరులోనూ ఎక్కువ దారం వస్తుంది.

పిడి పొడుగు కూడా చూడాలి. తిరగలికి పిడి అంచున ఎందుకు పెడతారు? మధ్యలో పెడితే తిప్పలేం కనక. మస్కీ రీలుకి పొడుగాటి పిడి, చేతినిండా పట్టు దొరికే గుబ్బలు ఉండాలి. దీనికి 80 నుంచి 100 పౌండ్ల అల్లిక దారం వాడతారు కాబట్టి అది సరిపడా పట్టే పెద్ద సైజే తీసుకోవాలి. చాలా కంపెనీలు వీటికి 300, 400 అని అంకెలిస్తాయి. బాస్‌వి 100 నుంచి 200. బాస్ రీలు సుమారు 200 గ్రాములుంటే, మస్కీది 300 దాటుతుంది. కొట్లోనే కర్రకి బిగించమని అడిగి, రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. భుజం ఏమంటుందో వినండి.

ఎడంచేతి వాటమైతే

మా అమ్మాయిది ఎడంచేతి వాటం. “ఆ చేత్తో కాదమ్మా, ఈ చేత్తో” అని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉంది. కత్తెర దగ్గర్నుంచీ అన్నీ తిప్పలే. కుర్రాడు ‘ఎడంచేతి రీలు’ అన్న పెట్టె తీశాడు. ఆ మాట పిడి ఏ పక్కనుందో చెబుతుందిగానీ మనిషి వాటాన్ని కాదు. ఎడంచేత్తో విసిరేవాళ్లు కర్ర అదే చేతిలో ఉంచుకుని కుడిచేత్తో పిడి తిప్పుకోవచ్చు. అంటే మామూలుగా దొరికే కుడిపక్క పిడి రీలే వాళ్లకి హాయి! కుడిచేత్తో విసిరేవాళ్లే పాత అలవాటు కొద్దీ విసిరాక కర్ర చెయ్యి మార్చుకుని తిప్పుతుంటారు. లోకంలో అందరి కోసం చేసిన వస్తువు తన కోసమే చేసినట్టు అమరడం మా పిల్లకి అదే మొదలు.

ఈ రకానికి పిడి తర్వాత అటూ ఇటూ మార్చుకోవడం కుదరదు. కొనేముందే రెండూ తిప్పి చూసుకోవాలి.

డబ్బు మాట

తొలి ఏడాది 100 డాలర్లలో బాస్ రీలు ఒక్కటే తీసుకున్నాం. నేర్చుకునే చేతికి అది చాలు. మస్కీ రీలు 250 డాలర్ల పైమాటే. దానికితోడు గట్టి కర్ర, పళ్లకి తెగని తీగ, పెద్ద వల, పొడుగు పట్టకారు అన్నీ కావాలి. పిల్ల రెండేళ్లు పక్కింటి పసివాళ్లని చూసుకుని సగం కూడబెట్టాక, ఈ ఏడాది మిగతాది మేం వేశాం. వాడాక మెత్తని గుడ్డతో తుడిచి, దారం జారే బిగింపు వదులు చేసి పెడితే ఏళ్ల తరబడి వస్తుంది.

ఇప్పుడు తనకి పదహారు నిండాయి, సొంత లైసెన్సుంది. జూన్‌లో మస్కీ సీజను మొదలవగానే మిన్నెటోంకా సరస్సుకి వెళ్లాం. జట్టులో ఇంకో పిల్ల వాళ్లమ్మ పడవ నడిపింది. నాలుగు గంటల విసుర్ల తర్వాత ఒక పొడుగాటి నీడ ఎర వెనకే పడవ దాకా వచ్చింది. పిల్ల నేర్చుకున్నట్టే కర్ర కొసని నీళ్లలో ఎనిమిది అంకెలా తిప్పింది. నీడ ఒక్క క్షణం ఆగి, కిందికి జారిపోయింది.

“చెయ్యి నొప్పెడుతోందా?” అన్నాను.

“లేదమ్మా. ఇంకో గంట ఉందామా?” అంది.

రీలు కుదిరిందనడానికి నాకింతకన్నా రుజువు అక్కర్లేదు.