గోడకు వాకిలి తీయు కణము

ప్రాణి పెరుగుట యనగా కణముల సంఖ్య హెచ్చుటయే యని మనము సాధారణముగా తలచెదము. కాని ఇటుకలు పేర్చినంతమాత్రమున ఇల్లు కాదు. గోడకు వాకిలి ఎచ్చట నుంచవలెనో కూడ తెలిసియుండవలెను. దేహనిర్మాణమందును ఇట్టి పని యొకటి కలదు.

మన చర్మము, ప్రేగులు, గ్రంథులు మొదలగువాని కణములు ఒక పలుచని పొరపై కుదురుకొనియుండును. కొల్లాజెన్, లామినిన్ మొదలగు మాంసకృత్తుల అల్లికయే ఈ ఆధారపొర. ఇది పలుచనిదైనను గట్టిది. ఒక కణజాలమును ప్రక్కదానినుండి వేరుపరచు సరిహద్దు. కణములు సామాన్యముగా దీనిని దాటవు. అయినను ప్రాణి రూపొందునప్పుడు కొన్ని తావుల దీనిని తెరువక తప్పదు.

ఈ రహస్యమును మనకు తేటపరచినది ఒక మిల్లీమీటరు పొడవుగల చిన్న పురుగు. దాని పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. దాని దేహము పారదర్శకమగుటచే, బ్రతికియుండగనే లోపలి కణములను సూక్ష్మదర్శినితో చూడవచ్చును. దాని పిల్లదశలో గర్భాశయమునకును వెలుపలి చర్మమునకును నడుమ రెండు ఆధారపొరలుండును. గ్రుడ్లు వెలువడుటకు ఆ పొరలలో త్రోవ తీయునది ఒకే యొక కణము. దానిని లంగరు కణమందురు. త్రోవ ఏర్పడనిచో గ్రుడ్లు తల్లి కడుపులోనే పిల్లలగును. ఆ పిల్లలు తల్లినే తినివేయును.

లంగరు కణము పొరలను ఛేదించు తీరును 2003లో డేవిడ్ షెర్వుడ్, పాల్ స్టెర్న్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. క్రిందనున్న కణముల రసాయన సంకేతములే దానికి దారి చూపును. అది ఆక్టిన్ అను మాంసకృత్తుతో సన్నని ములుకులను నిర్మించి పొరపై పొడుచును. పొరను కరగించు ఎంజైములను వదలును. ఒక ములుకు పొరను చీల్చినంతనే ఆ రంధ్రమును విశాలము చేయును. విభజన మానిన కణమే ఈ పనికి సమర్థమని 2015లో తేలినది.

మరి ఆ ఎంజైములు లేకున్న నేమగును? 2019లో అట్టివానిని ఐదింటిని తొలగించి పరీక్షించిరి. పని ఆలస్యమైనదే కాని ఆగలేదు. కణము ఆక్టిన్‌ను మరింతగా కూడగట్టుకొని, కేవలబలముచే పొరను త్రోసి చీల్చినది.

ఒక పురుగు కథతో మనకేమి పని యందురేమో! క్యాన్సరు కణములు పుట్టినచోటు విడిచి ఇతరావయవములకు ప్రాకునప్పుడు దాటవలసినది ఈ పొరనే. అందు పెక్కు పద్ధతులు లంగరు కణమునవే. 1990 దశకములో ఇట్టి ఎంజైములను అణచు మందులను క్యాన్సరు రోగులపై ప్రయోగించి చూచిరి. ఆశించిన ఫలితము రాలేదు. ఒక దారి మూసినను కణమునకు మరియొక దారి కలదని ఆ పురుగు మనకిప్పుడు తెలుపుచున్నది.

గునపము ఒక్కటే. మేస్త్రి చేతిలో అది వాకిలి తీయును. దొంగ చేతిలో కన్నము వేయును. మేస్త్రి పిలిచిననాడు వచ్చి, చెప్పినచోట త్రవ్వి, పని ముగియగనే ఆపును. కణమునకు ఆ పిలుపు, ఆ హద్దు ఎట్లు తెలియునో గ్రహించిననాడు దొంగను అడ్డగించు ఉపాయమును మనకు దొరకవచ్చును.